యాడ్‌స్టర్ రాసేది తెర మీద కాదు

(హైదరాబాద్‌లో సీ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఒక ఆదివారం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం. తెర మీద చూపించిన ఫంక్షన్ల పేర్లను పలికినట్టుగానే తెలుగులో రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూచున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఈ రోజు విషయం చూడ్డానికి చాలా చిన్నది. ఒక స్ట్రింగ్ ఉంది. టెర్మినల్‌లో ఒక విండో ఉంది. ఆ స్ట్రింగ్‌ని కర్సెస్ అనే లైబ్రరీతో ఆ విండోలో రాయాలి. అంతే. దీనికి గంటసేపు మాట్లాడాలా అంటారేమో. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చెప్పండి. "తెలుగు" అనే మాట పొడుగు ఎంత? ఇటు నుంచి 3 అంటున్నారు. అటు నుంచి 6 అంటున్నారు. బైట్లు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్‌ని అడిగితే 18 అంటుంది. టెర్మినల్ లెక్క కట్టే ఫంక్షన్‌ని అడిగితే 5 అంటుంది. నాలుగు జవాబులు వచ్చాయి, నాలుగూ నిజమే. మీ ప్రోగ్రాములో ఏ చోట ఏ జవాబు వాడాలో తెలియకపోతే గీసిన డబ్బా గీతలు చెరిగిపోతాయి, జాబితా వంకర పోతుంది, అక్షరం సగంలో తెగిపోతుంది. మెల్లగా అక్కడికే వెళ్దాం.

మొదట ప్రింట్‌ఎఫ్. మనందరికీ చేయి తిరిగినది అదే. ప్రింట్‌ఎఫ్‌కి వరుస అంటే తెలీదు, కాలమ్ అంటే తెలీదు. బైట్లు వరసగా పంపిస్తుంది, అంతే. టెర్మినల్ వాటిని వచ్చినవి వచ్చినట్టు అచ్చు వేస్తుంది. ఫలానా వరుసలో, ఫలానా కాలమ్‌లో రాయాలంటే టెర్మినల్‌కి అర్థమయ్యే సంకేతం పంపాలి. ఎస్కేప్ అనే బైటు, దాని నంబరు 27. తర్వాత చదరపు బ్రాకెట్టు, వరుస సంఖ్య, సెమీకోలన్, కాలమ్ సంఖ్య, చివర పెద్ద హెచ్. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్ ఈ భాష మాట్లాడింది, ఇవాళ మీ లాప్‌టాప్‌లో ఉన్న టెర్మినల్ కూడా దాదాపు అదే మాట్లాడుతుంది. 24 వరుసలు, 80 కాలమ్‌లు అనే కొలత కూడా ఆ కాలం నుంచి వచ్చిందే.

అయితే అప్పట్లో ఒక్కో కంపెనీ టెర్మినల్‌ది ఒక్కో భాష. అందుకే 1980 ప్రాంతంలో బర్క్లీలో కెన్ ఆర్నాల్డ్ ఏ టెర్మినల్‌కి ఆ టెర్మినల్ భాషలో సంకేతాలు పంపే ఈ కర్సెస్ లైబ్రరీ రాశాడు. కర్సర్‌ని తక్కువ బైట్లతో కదిపే పద్ధతి బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్ నుంచి తీసుకున్నాడు. మనం ఇప్పుడు వాడే ఎన్‌కర్సెస్ దాని వారసురాలు. చరిత్ర ఇంతవరకు చాలు.

తెర ఖాళీగా ఎందుకు ఉంది?

కర్సెస్‌లో స్ట్రింగ్ రాసే ఫంక్షన్ యాడ్‌స్టర్. ఏ, డీ, డీ, ఎస్, టీ, ఆర్. కొత్తగా నేర్చుకునేవాళ్లు కర్సెస్‌ని మొదలుపెట్టే ఇనిట్‌ఎస్‌సీఆర్ పిలుస్తారు, యాడ్‌స్టర్ పిలుస్తారు, స్లీప్‌తో 5 సెకన్లు ఆగుతారు, కర్సెస్‌ని ముగించే ఎండ్‌విన్ పిలుస్తారు. తెర మీద ఏమీ రాదు. తప్పెక్కడ ఉంది? యాడ్‌స్టర్ తన పని తాను చేసింది. కానీ అది రాసేది తెర మీద కాదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. యాడ్‌స్టర్ రాసేది తెర మీద కాదు, మెమరీలో ఉన్న ఒక పటం మీద.

విండో అంటే మెమరీలో గళ్ల కాగితం లాంటిది. ఒక్కో గడిలో ఒక అక్షరం, దాని రంగు, అది బోల్డా కాదా అనే వివరం ఉంటాయి. యాడ్‌స్టర్ ఆ గళ్లు నింపుతుంది. రిఫ్రెష్ అన్నప్పుడు కర్సెస్ రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది: తెర మీద ఇప్పుడు ఏముంది, తెర ఎలా ఉండాలి. తేడా ఉన్న గళ్లకి మాత్రమే బైట్లు పంపుతుంది. తెర మొత్తం 1,920 గళ్లు. వాటిలో 4 మారితే ఆ నాలుగింటికి సరిపడా బైట్లే వెళ్తాయి. దూరంలో ఉన్న సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో కనెక్ట్ అయి పనిచేసేటప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది.

ఇక్కడ నుంచే ఇంకో విషయం తేలుతుంది. కర్సెస్ నడుస్తున్నప్పుడు మధ్యలో ప్రింట్‌ఎఫ్ పిలవకండి. మీరు తెర మీద నేరుగా రాసేస్తారు, ఆ సంగతి కర్సెస్‌కి తెలీదు. దాని పటంలో ఆ గడి ఇంకా ఖాళీ. ఖాళీ అనుకున్న గడిని అది మళ్లీ తుడవదు. మీరు రాసిన ముక్క అక్కడే మరకలా ఉండిపోతుంది. తప్పులు కనిపెట్టడానికి సందేశాలు రాసుకోవాలంటే ఒక ఫైల్ తెరిచి అందులో రాయండి. లేదా ఎస్‌టీడీఎర్ర్‌కి పంపి, ప్రోగ్రాము నడిపేటప్పుడే దాన్ని ఫైల్‌లోకి మళ్లించండి.

ఇప్పుడు ఒకరు అనొచ్చు: నేను రిఫ్రెష్ పిలవలేదు, అయినా రాత కనిపించింది. అవును, కనిపిస్తుంది. మీరు చివర గెట్‌సీహెచ్ పెట్టి ఉంటారు. ఆ ఫంక్షన్ మీట కోసం ఆగే ముందు, స్టాండర్డ్ స్క్రీన్, అంటే తెరంత ఉండే మొదటి విండో, మారి ఉంటే దాన్ని తనే రిఫ్రెష్ చేస్తుంది. ఈ సాయమే తర్వాత దెబ్బ కొడుతుంది. ఎలాగంటే చూడండి. న్యూవిన్‌తో సొంత విండో చేశారు. అందులో రాశారు. డబ్ల్యూరిఫ్రెష్ పిలిచారు. మీట నొక్కేదాకా ఆగాలని గెట్‌సీహెచ్ పెట్టారు. విండో అలా కనిపించి ఇలా మాయం. ఏం జరిగింది? గెట్‌సీహెచ్ స్టాండర్డ్ స్క్రీన్‌ని రిఫ్రెష్ చేసింది. ఆ స్క్రీన్ అంతా ఖాళీ, పైగా ఇంతవరకు ఒక్కసారి కూడా తెర మీదకి వెళ్లలేదు. దాని ఖాళీ గళ్లు మీ విండో మీద పరుచుకున్నాయి. దీనికి మందు రెండు రకాలు. ఇనిట్‌ఎస్‌సీఆర్ తర్వాత ఒకసారి రిఫ్రెష్ పిలిచి, ఆ ఖాళీని ముందే పంపించేయడం ఒకటి. గెట్‌సీహెచ్ బదులు మీ విండో పేరుతో డబ్ల్యూగెట్‌సీహెచ్ పిలవడం రెండోది. రెండూ చేయండి, నష్టం లేదు.

ఎనిమిది పేర్లు, ఒకే పని

మాన్యువల్ తెరిస్తే ఒకే పేజీలో ఎనిమిది ఫంక్షన్లు కనిపిస్తాయి. చూసి బెదిరిపోకండి. యాడ్‌స్టర్ ఒక్కటే. దానికి మూడు తొడుగులు. ముందు ఎంవీ అని ఉంటే కర్సర్‌ని కదిపి రాస్తుంది. డబ్ల్యూ ఉంటే మీరు చెప్పిన విండోలో రాస్తుంది, లేకపోతే స్టాండర్డ్ స్క్రీన్‌లో. మధ్యలో ఎన్ ఉంటే ఎంతవరకు రాయాలో మీరే చెప్తారు. ఒక్కో తొడుగు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, ఎనిమిది. అన్నీ కలిపితే ఎంవీడబ్ల్యూయాడ్‌ఎన్‌స్టర్. దానికి ఇచ్చే వరస: విండో, వరుస, కాలమ్, స్ట్రింగ్, ఎన్. ఎన్ చోట మైనస్ 1 ఇస్తే స్ట్రింగ్ మొత్తం రాస్తుంది.

వరుస ముందు, కాలమ్ తర్వాత. వై ముందు, ఎక్స్ తర్వాత. బళ్లో గ్రాఫు గీసినప్పుడు ఎక్స్ ముందు నేర్చుకున్నాం, ఆ అలవాటు ఇక్కడ చెడగొడుతుంది. లెక్క సున్నా నుంచి మొదలు. 24 వరుసల తెరలో చివరి వరుస 23. మీరు 24 అని ఇస్తే? కర్సర్ కదలదు, స్ట్రింగ్ రాయదు, తప్పు జరిగిందని చెప్పే ఈఆర్‌ఆర్ అనే విలువ తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాము ఆగదు, కేక వెయ్యదు. రాత రాలేదంటే తిరిగి వచ్చిన విలువ చూడండి. మనలో చాలామంది చూడం. చూడాలి.

బోల్డ్, రంగు గురించి ఒక్క మాట. అట్రాన్ అనేది స్టాండర్డ్ స్క్రీన్‌కి మాత్రమే వర్తిస్తుంది. అట్రాన్‌తో బోల్డ్ పెట్టి, డబ్ల్యూయాడ్‌స్టర్‌తో వేరే విండోలో రాస్తే బోల్డ్ రాదు. ఏ విండోలో రాస్తున్నారో ఆ విండోకే డబ్ల్యూఅట్రాన్ చెప్పాలి.

27 స్టేషన్లు, 24 వరుసలు

ఇప్పుడు అసలు ఉదాహరణ. మన మెట్రో రెడ్ లైన్ తీసుకుందాం. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా 27 స్టేషన్లు. తెర 24 వరుసలు. చుట్టూ గీతతో డబ్బా వేశామంటే లోపల మిగిలేది 22. అంటే 27 పేర్లు పట్టవు. పట్టనప్పుడు ఏం జరుగుతుందో చూడ్డానికి ఇంతకంటే మంచి జాబితా దొరకదు.

మొదటి ప్రయత్నం: 24 వరుసలు, 30 కాలమ్‌ల విండో. బాక్స్ పిలిచి గీత వేశాం. తర్వాత కర్సర్‌ని వరుస 1, కాలమ్ 1కి తీసుకెళ్లి, ఒక్కో పేరు చివర కొత్త వరుస గుర్తు పెట్టి రాసుకుంటూ పోయాం. తెర చూడండి. కుడివైపు గీత ఏది? ఏ వరుసలో పేరు రాశామో ఆ వరుసలో గీత లేదు. ఎందుకు లేదు? యాడ్‌స్టర్ కొత్త వరుస గుర్తు చూడగానే ముందు ఆ వరుసలో మిగిలిన గళ్లన్నీ తుడుస్తుంది, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. కుడి గీత కూడా దానికి మామూలు గడే. డబ్బా గీత విండోకి బయట ఉంటుందని అనుకుంటాం, అది విండో లోపలిదే. ఎడమవైపు చూడండి: కింది వరుస కాలమ్ సున్నా నుంచి మొదలైంది, రెండో పేరు మొదటి అక్షరం ఎడమ గీత మీద కూచుంది.

దీన్ని ఖాళీలు లెక్కపెట్టి సరిచేయాలని చూడకండి. రెండు విండోలు చేయండి. బయటిది 24 వరుసలు, 30 కాలమ్‌లు, గీత దానికి. లోపలిది, విండోలో విండో చేసే డెర్‌విన్‌తో, 22 వరుసలు, 28 కాలమ్‌లు, బయటి విండోలో వరుస 1, కాలమ్ 1 దగ్గర మొదలు. రాత అంతా లోపలి దాంట్లో. అప్పుడు తుడిచినా మడిచినా గీత జోలికి పోదు. ముందు బయటి విండోని రిఫ్రెష్ చేయండి, తర్వాత లోపలి విండోని.

రెండో ప్రయత్నం. లోపలి విండోలో రాస్తున్నాం. 1 మియాపూర్, 2 జేఎన్‌టీయూ, ఇలా వచ్చి 22వ స్టేషన్ న్యూ మార్కెట్ చివరి వరుసలో పడింది. దాని చివర కొత్త వరుస గుర్తు ఉంది. కిందికి దిగాలి, కింద చోటు లేదు. నిండితే వరుసల్ని పైకి జరపమనే స్క్రోల్‌ఓకే ఈ విండోకి చెప్పలేదు. ఏం చేస్తుంది? కర్సర్ ఉన్నచోటే ఉండిపోతుంది, ఈఆర్‌ఆర్ తిరిగి వస్తుంది. మనం చూడలేదు. తర్వాతి యాడ్‌స్టర్ వచ్చి ముసారాంబాగ్‌ని న్యూ మార్కెట్ పక్కనే అతికించింది. దాని పక్కన దిల్‌సుఖ్‌నగర్. 28 కాలమ్‌లు అయిపోగానే ఆ పేరు అక్కడే తెగిపోతుంది, ఆ తర్వాతి పేర్ల మొదటి అక్షరాలు చివరి గడిలోనే ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. తెర అడుగు వరుసలో ఇలాంటి ముద్ద కనిపించిందంటే కారణం ఇదే.

స్క్రోల్‌ఓకేకి ట్రూ ఇచ్చాం. ఇప్పుడు పైకి జరుగుతుంది. 27 పేర్లు రాశాక పైన ఏ పేరు ఉండాలి? 27లోంచి 22 తీసేస్తే 5. అయిదు పైకి పోవాలి, ఆరోదైన మూసాపేట పైన ఉండాలి. కానీ తెర మీద భరత్ నగర్ పైన ఉంది, అడుగున ఒక వరుస ఖాళీ. ఎందుకు? ఎల్.బి.నగర్ చివర కూడా కొత్త వరుస గుర్తు ఉంది కాబట్టి ఇంకో మెట్టు జరిగింది. ఆ గుర్తుని పేరు చివర కాకుండా పేరుకి ముందు పెట్టండి, మొదటి పేరుకి తప్ప. అప్పుడు 22 వరుసలూ నిండుతాయి. ఇంత చిన్న తేడాకి ఒక స్టేషన్ తెర నుంచి పోతుంది.

చివరి గడి సంగతి విడిగా చెప్పాలి. తెర అడుగున 80 కాలమ్‌లు నిండేలా స్టేటస్ వరుస రాస్తారు కదా. స్ట్రింగ్ పూర్తిగా కనిపిస్తుంది, కానీ యాడ్‌స్టర్ ఈఆర్‌ఆర్ ఇస్తుంది. చివరి అక్షరం రాశాక కర్సర్ తర్వాతి గడికి పోవాలి, ఆ గడి లేదు, అందుకు. రాత పడింది, కర్సర్ కదలలేదు, అంతే తేడా. కాబట్టి ఈ ఒక్క చోట ఈఆర్‌ఆర్ వస్తే కంగారు పడక్కర్లేదు. అది కూడా వద్దంటే యాడ్‌సీహెచ్‌స్టర్ ఉంది. అది కర్సర్‌ని కదపదు, కింది వరుసకి మడవదు, కుడి అంచు దాటినదాన్ని వదిలేస్తుంది. కొత్త వరుస, ట్యాబ్ లాంటి గుర్తుల్ని కూడా అర్థం చేసుకోదు. కానీ దానికి ఇవ్వాల్సింది మామూలు చార్ స్ట్రింగ్ కాదు, సీహెచ్‌టైప్ అనే రకం వరస. టైపు మార్చేసి చార్ స్ట్రింగ్‌నే తోసేవాళ్లు ఉన్నారు. కంపైలర్ నోరు మూసుకుంటుంది, తెర మీద చెత్త వస్తుంది, మెమరీ హద్దు దాటి చదువుతుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఇంకొకటి. ఒకే చోట పేరు మార్చి రాస్తున్నారు, "తర్వాతి స్టేషన్" అని చూపించడానికి. లక్డీకాపూల్ ఉన్నచోట అసెంబ్లీ రాశారు. యాడ్‌స్టర్ తనకి ఇచ్చిన అక్షరాలే రాస్తుంది, పాత పేరు తోక మిగిలిపోతుంది. రాశాక వరుస చివరిదాకా తుడిచే ఫంక్షన్ పిలవండి, డబ్ల్యూ సీఎల్‌ఆర్ టీఓ ఈఓఎల్ అని ఉంటుంది. ఇందాకటి కుడి గీత గుర్తుంది కదా? లోపలి విండోలోనే పిలవండి.

వాడేవాళ్లు టైపు చేసిన స్ట్రింగ్‌ని ప్రింట్‌డబ్ల్యూకి నేరుగా ఇవ్వడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రింట్‌డబ్ల్యూ అంటే కర్సెస్‌లో ప్రింట్‌ఎఫ్ లాంటిది. దాని మొదటి స్ట్రింగ్‌లో శాతం గుర్తు వస్తే దాన్ని ఆదేశంగా చదువుతుంది. శాతం ఎస్ అని ఎవరైనా టైపు చేస్తే లేని చిరునామా కోసం వెతుక్కుంటూ పోయి ప్రోగ్రాము కూలుతుంది. కావాలని చెడు చేసేవాళ్లకి అది తలుపు తీసి పెట్టడమే. యాడ్‌స్టర్‌కి శాతం గుర్తు అంటే శాతం గుర్తే. బయటినుంచి వచ్చిన ఏ రాతకైనా యాడ్‌స్టర్ వాడండి. అంకెలు కలపాలంటే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో బఫర్‌లో తయారుచేసుకుని, ఆ బఫర్‌ని యాడ్‌స్టర్‌కి ఇవ్వండి.

తెలుగులో రాస్తే

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. స్టేషన్ పేర్లు తెలుగులో రాయాలి. మన ఊళ్లో బోర్డు మన లిపిలో ఉండాలని కోరుకోవడం న్యాయమే కదా.

ముందు రెండు పనులు. ఇనిట్‌ఎస్‌సీఆర్‌కి ముందు, సిస్టమ్‌లో పెట్టుకున్న భాష, అక్షరాల పద్ధతి వాడమని చెప్పే సెట్‌లొకేల్ పిలవాలి: ఎల్‌సీ ఆల్, ఖాళీ స్ట్రింగ్. ఇది తర్వాత పిలిస్తే లాభం లేదు. రెండోది, లింకు చేసేటప్పుడు ఎన్‌కర్సెస్ కాదు, ఒకటి కంటే ఎక్కువ బైట్ల అక్షరాలు తెలిసిన ఎన్‌కర్సెస్ డబ్ల్యూ. ఉబుంటులో లిబ్ ఎన్‌కర్సెస్ డెవ్ ప్యాకేజీ పెట్టుకుంటే అది వస్తుంది. ఆదేశంలో లైబ్రరీ పేరు మీ సీ ఫైల్ పేరు తర్వాత రావాలి, ముందు పెడితే ఫంక్షన్లు దొరకలేదని లింకర్ వరసపెట్టి తిడుతుంది. ఈ రెండిట్లో ఏది మరిచిపోయినా తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా చదువుతుంది.

ఇప్పుడు లెక్క. యూనికోడ్‌లో తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు. "తెలుగు"లో ఏమున్నాయి? త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 6 గుర్తులు, 18 బైట్లు. స్ట్ర్‌లెన్ 18 అన్నది అందుకే. మరి 5 ఎలా? డబ్ల్యూసీవిడ్త్ అనే ఫంక్షన్ ఒక్కో గుర్తుకి ఎన్ని గళ్లు కావాలో చెప్తుంది. త ఒకటి, ల ఒకటి, గ ఒకటి. ఎత్వం అక్షరం నెత్తిన కూచుంటుంది కాబట్టి సున్నా. కొమ్ము? యూనికోడ్ పట్టికలో కొమ్ము చోటు తీసుకునే గుర్తు కింద ఉంది, లినక్సులోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ దానికి ఒక గడి ఇస్తుంది. రెండు కొమ్ములు, రెండు గళ్లు. మొత్తం 5. సున్న కూడా అలాగే ఒక గడి. దీర్ఘం, గుడి, ఏత్వం, పొల్లు ఇవన్నీ సున్నా గళ్లు.

ఇది తెలియక జాబితా ఎలా చెడుతుందో చూడండి. పేరు పక్కన సమయం చూపించాలని, పేరుని 30 వెడల్పుకి ఖాళీలతో నింపమని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి చెప్పాం. అది నింపేది బైట్ల లెక్కన. మియాపూర్ 24 బైట్లు, 6 ఖాళీలు కలిపింది. తెర మీద మియాపూర్ 5 గళ్లు, 6 కలిపితే సమయం 11వ కాలమ్‌లో. ఎర్రగడ్డ కూడా 24 బైట్లే, కానీ 6 గళ్లు, సమయం 12లో. అమీర్‌పేట 27 బైట్లు, 3 ఖాళీలే దొరికాయి, 5 గళ్లు, సమయం 8లో. మూడు వరుసలు, మూడు చోట్ల. అమీర్‌పేటకి 27 ఎందుకో గమనించారా? ర పొల్లుకీ ప-కీ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంది, రెండూ కలిసి వత్తుగా మారకుండా ఆపేది. గడి సున్నా, బైట్లు మాత్రం 3. అది పెట్టి టైపు చేసిన అమీర్‌పేట, పెట్టకుండా టైపు చేసిన అమీర్పేట, ఈ రెండూ స్ట్రింగులు పోల్చే స్ట్ర్‌సీఎంపీకి వేరువేరు ఊళ్లు.

మందు చాలా తేలిక. ఖాళీలతో నింపొద్దు. పేరుని ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్‌తో కాలమ్ 0లో రాయండి, సమయాన్ని మళ్లీ ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్‌తో కాలమ్ 20లో రాయండి. కాలమ్ మీరు చెప్పారు, లెక్క తప్పే దారి లేదు.

కత్తిరించడం మాత్రం అంత తేలిక కాదు. పేరు 20 గళ్లు దాటకూడదు, అందుకని యాడ్‌ఎన్‌స్టర్‌కి ఎన్ 20 ఇచ్చారు. ఆ ఎన్ బైట్ల లెక్క. 20 బైట్లంటే 6 గుర్తులు, ఇంకో గుర్తులో 3 బైట్లకి 2. ఆ రెండూ సగం అక్షరం. తర్వాత రాసే స్ట్రింగ్ వాటితో కలిసి పాడవుతుంది. వైడ్ అక్షరాల రకం, యాడ్‌ఎన్‌డబ్ల్యూస్టర్, తీసుకుంటే ఎన్ గుర్తుల లెక్క. అదీ గళ్ల లెక్క కాదు. కాబట్టి మనమే కొలవాలి. ఎంబీఆర్‌టుడబ్ల్యూసీతో ఒక్కో గుర్తు విడదీసి, డబ్ల్యూసీవిడ్త్ కలుపుకుంటూ పోవాలి, హద్దు దాటే ముందు ఆగాలి. డబ్ల్యూసీవిడ్త్ మైనస్ 1 ఇస్తే అది అచ్చు కాని గుర్తు, దాన్ని కూడికలో కలపకుండా వదిలేయండి.

ఇక్కడితో అయిందా? కాలేదు. మియాపూర్‌ని 3 గళ్లకి కత్తిరించండి. మ, గుడి, య, దీర్ఘం, ప. మూడు గళ్లు అయ్యాయి, ఆగాం. "మియాప" మిగిలింది. పకి ఉన్న కొమ్ముదీర్ఘం పోయింది, ఎందుకంటే దానికి సొంత గడి ఉంది. గళ్ల లెక్క ఒప్పు, తెలుగు తప్పు. అందుకని ఆగే చోట తర్వాతి గుర్తుని చూడాలి. అది గుణింతపు గుర్తు అయితే, అంటే దాని యూనికోడ్ నంబరు 0సీ3ఈ నుంచి 0సీ56 మధ్యలో ఉంటే, లేదా సున్న, విసర్గ, అరసున్న అయితే, వెనక్కి వచ్చి మొత్తం అక్షరాన్నే వదిలేయాలి. చివర నిలిచినది పొల్లు, తర్వాత హల్లు ఉంది అంటే వత్తుని మధ్యలో కోస్తున్నారు. అప్పుడూ వెనక్కి రావాలి. నాంపల్లిని "నాంపల్" అని చూపిస్తే చదివేవాళ్లు ఊరుకుంటారా? ఈ షరతులు రాయడానికి పాతిక లైన్లు పట్టదు. రాయండి.

టెర్మినల్ వైపు ఒక హెచ్చరిక. మీ లైబ్రరీ 5 గళ్లు అనుకుంది, మీ టెర్మినల్ ప్రోగ్రాము తన సొంత పట్టిక చూసి ఇంకో లెక్క వేసింది అనుకోండి, ఆ వరుసలో కర్సర్ పక్కకి జరుగుతుంది, తర్వాత రాసినవన్నీ జరుగుతాయి. వత్తుల్ని కలిపి చూపించడం కూడా టెర్మినల్ పనే, కొన్ని విడివిడిగానే చూపిస్తాయి. కాబట్టి వాడేవాళ్ల టెర్మినల్ ఏదో అదే తెరిచి పరీక్షించండి, మీ దగ్గర బాగుందని వదిలేయకండి.

ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ప్రోగ్రాము మధ్యలో కూలిపోతే టెర్మినల్‌లో టైపు చేసింది కనిపించడం లేదు. ఎలా?

ఎండ్‌విన్ నడవలేదు కాబట్టి టెర్మినల్ ఇంకా కర్సెస్ పెట్టిన స్థితిలోనే ఉంది. కనిపించకపోయినా రీసెట్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఎంటర్ పట్టకపోతే కంట్రోల్ జె కొట్టండి. ఎస్‌టీటీవై సేన్ అన్నా చాలావరకు సరిపోతుంది. ప్రోగ్రాములో అయితే బయటికి పోయే ప్రతి దారిలోనూ ఎండ్‌విన్ ఉండాలి. ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఏ ఫంక్షన్ పిలవాలో ముందే చెప్పే ఎట్‌ఎగ్జిట్‌తో కట్టేయడం మంచి పద్ధతి, మామూలుగా ఎగ్జిట్ అయ్యే దారులన్నిటికీ అది పనికొస్తుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కి మాత్రం పనికిరాదు, అప్పుడు రీసెట్టే.

ప్రశ్న: స్క్రోల్ అయ్యాక మియాపూర్ పైకి పోయింది కదా. మళ్లీ కిందికి తేవాలంటే?

మంచి ప్రశ్న. విండోలోంచి పైకి పోయిన వరుస పోయినట్టే, కర్సెస్ దాన్ని దాచిపెట్టదు. మీకు కావల్సింది ప్యాడ్. న్యూప్యాడ్‌తో 27 వరుసలు, 28 కాలమ్‌ల ప్యాడ్ చేయండి. ప్యాడ్ తెర కంటే పెద్దదిగా ఉండొచ్చు. ఒక్కో పేరునీ ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్‌తో దాని వరుసలో ఒక్కసారి రాయండి, కొత్త వరుస గుర్తులు వద్దు, స్క్రోల్‌ఓకే వద్దు. ప్యాడ్‌కి డబ్ల్యూరిఫ్రెష్ పనిచేయదు, ఈఆర్‌ఆర్ ఇస్తుంది, పీరిఫ్రెష్ వాడాలి. దానికి ప్యాడ్ పేరు తర్వాత ఆరు సంఖ్యలు: ప్యాడ్‌లో ఏ వరుస, ఏ కాలమ్ నుంచి చూపించాలి, తెర మీద ఏ వరుస, ఏ కాలమ్ నుంచి ఏ వరుస, ఏ కాలమ్ దాకా. మన డబ్బాకి చివరి నాలుగు 1, 1, 22, 28. కీప్యాడ్‌కి ట్రూ ఇచ్చి బాణం మీటలు చదవండి. కింది బాణం కొడితే మొదటి సంఖ్యని ఒకటి పెంచండి, పై బాణం కొడితే తగ్గించండి. 0 కంటే తగ్గకూడదు, 5 దాటకూడదు. 5 దగ్గర మూసాపేట నుంచి ఎల్.బి.నగర్ దాకా కనిపిస్తుంది, 0 దగ్గర మియాపూర్ నుంచి న్యూ మార్కెట్ దాకా.